రెండూ ఒకటే ఓడ అన్నారా? అయితే ఈ జవాబు చదవండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. వచ్చే చలికాలం మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. నాన్నగారికి 72, అమ్మకి 66. అమ్మకి రెండు మోకాళ్ళూ నొప్పులే. వాళ్ళని క్రూజ్‌కి తీసుకెళ్ళాలని నా ఆశ. రాయల్ కరీబియన్ వాళ్ళ సింఫనీ ఆఫ్ ద సీస్, వండర్ ఆఫ్ ద సీస్ చూశాం. ట్రావెల్ ఏజెంట్ "రెండూ ఒకటే మోడల్ అండీ, ఏది నచ్చితే అది తీసుకోండి" అంటున్నాడు. వండర్‌లో జూనియర్ సూట్, సింఫనీలో గ్రాండ్ సూట్ మాకు దాదాపు ఒకే ధరకి వస్తున్నాయి. వండర్ కొత్తది కదా అని మావారు అటు మొగ్గుతున్నారు. మీరు రెండూ ఎక్కారని ఇంతకుముందు ఈ శీర్షికలోనే రాశారు. ఏది తీసుకోమంటారు?
*ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్*

జవాబు: సింఫనీలో గ్రాండ్ సూట్ తీసుకోండమ్మా.

మీవారి ఆలోచన తప్పని కాదు. గ్రాండ్ సూట్‌కి గ్రాండ్ సూట్ పెట్టి చూస్తే నేనూ వండర్ వైపే ఉంటాను. కానీ మీ ముందున్నవి జూనియర్ ఒకటి, గ్రాండ్ ఒకటి. అక్కడ ఓడ కొత్తదా పాతదా అన్నది తర్వాతి మాట.

ఈ కంపెనీ పెద్ద ఓడల్లో సూట్‌లని మూడు మెట్లుగా విడదీసింది. కింద సీ క్లాస్, మధ్యలో స్కై క్లాస్, పైన స్టార్ క్లాస్. జూనియర్ సూట్ సీ క్లాస్‌లోకి వస్తుంది, గ్రాండ్ సూట్ స్కై క్లాస్‌లోకి వస్తుంది. పేరులో రెండింటికీ 'సూట్' ఉంది కాబట్టి సౌకర్యాలూ ఒకటే అనుకుంటాం. సూట్ వాళ్ళ కోసమే కోస్టల్ కిచెన్ అని ఒక భోజనశాల ఉంటుంది. గ్రాండ్ సూట్ వాళ్ళు పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా అక్కడ తినొచ్చు. జూనియర్ వాళ్ళకి రాత్రి భోజనానికి మాత్రమే ప్రవేశం. సూట్ లాంజ్, అందులో కూర్చునే కన్సియెర్జ్ (మన బుకింగులూ పనులూ చూసిపెట్టే ఉద్యోగి), షోలలో సూట్ వాళ్ళకని వదిలిపెట్టే సీట్లు, ఇవన్నీ స్కై నుంచి పైవాళ్ళకే. స్టార్ క్లాస్‌లో అయితే ఒక మనిషినే మీకు కేటాయిస్తారు, ధర కూడా అలాగే ఉంటుంది. దాన్ని పక్కన పెడదాం.

ఇప్పుడు వండర్ సంగతి. 2022లో వచ్చింది. మొదట చైనాకి పంపాలని కట్టి, కోవిడ్ తర్వాత అమెరికాకి మళ్ళించిన ఓడ. ఈ తరగతి ఓడల్లో 'సూట్ నైబర్‌హుడ్' అని సూట్ వాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక పేట పెట్టింది మొదట దీన్లోనే. లాంజ్, కోస్టల్ కిచెన్, సూట్ వాళ్ళ సన్ డెక్, చిన్న కొలను అన్నీ దాని కిందకే వస్తాయి. మీవారిని ఆకర్షించింది ఇదే అయి ఉంటుంది. కానీ జూనియర్ సూట్ తీసుకుంటే లాంజ్ తలుపూ సన్ డెక్ తలుపూ మీకు తెరుచుకోవు. ఓడకి ఉన్న గొప్పదనం ఏదో దాన్నే వదులుకుని, పేరుకి డబ్బు కట్టినట్టవుతుంది. ఇంకో మాట, పేట అన్నారు కదా అని సూట్‌లన్నీ అక్కడే ఉంటాయనుకోకండి. మీ గది వేరే అంతస్తులో, వేరే మూల ఉండొచ్చు.

ఈ తేడా నాకు అనుభవం మీదే తెలిసింది. చాలా ఏళ్ళ కిందట, మా మొదటి క్రూజ్‌కి (ఈ రెండు ఓడలూ కావు) ఒక ఏజెంట్ "సూట్ అండీ, రాజభోగం" అని చెప్పి బుక్ చేశాడు. మా అమ్మని పట్టుచీర కట్టించి లాంజ్‌కి తీసుకెళ్ళాను. తలుపు దగ్గర కార్డు పెడితే ఎర్ర లైటు వెలిగింది. లోపలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది, మీ తరగతికి ఇది లేదు అని. అమ్మ ఏమీ అనలేదు, "పోన్లేవే, కింద కూర్చుందాం" అంది. ఆ ఎర్ర లైటు మాత్రం నేను మర్చిపోలేదు. అప్పటినుంచి ఎవరు బుకింగ్ అన్నా, ఏ క్లాసో రాతలో అడగమంటాను.

వండర్ మేం 2023లో ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్ నుంచి ఎక్కాం, అమ్మా నాన్నలతో. సింఫనీ 2024 వేసవిలో, మా న్యూజెర్సీలోని బయోన్ రేవు నుంచి, అత్తయ్యా మామయ్యలతో. రెండుసార్లూ గ్రాండ్ సూటే. గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే ఏ ఓడలో ఉన్నారో చెప్పడం కష్టం. సుమారు 370 చదరపు అడుగుల గది, సోఫా, రెండు సింకుల బాత్‌రూమ్, బయట నలుగురు కూర్చునే బాల్కనీ. మీ ఏజెంట్ అన్నమాట గది వరకూ నిజమే. సింఫనీ 2018 నాటిది, 2,28,000 టన్నుల ఓడ. వండర్ 2,35,000 దాటింది. రెండూ ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లోనే కట్టినవి. నడిబొడ్డున చెట్లూ మొక్కలతో సెంట్రల్ పార్క్, వెనక తిరునాళ్ళ వీధిలా ఉండే బోర్డ్‌వాక్, అన్నీ అవే.

తేడా అంతా గది దాటాక మొదలవుతుంది. వండర్‌లో మా అమ్మ రోజూ టిఫిన్ అయ్యాక సన్ డెక్‌కి వచ్చేది. నీళ్ళలో దిగలేదు, దిగే మనిషి కాదు. చీర మీద స్వెట్టర్ వేసుకుని, గాలికి కొంగు ఎగరకుండా నడుములో దోపుకుని, నీడన ఉన్న కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. లాంజ్ నుంచి టీ తెచ్చి ఇచ్చేదాన్ని. రెండో రోజు నుంచి అక్కడి పనివాడు ఆమె రాగానే స్టూలు తెచ్చి కాళ్ళ కింద పెట్టేవాడు. అమ్మకి ఇంగ్లీషు రాదు, అతనికి తెలుగు రాదు. అయినా దిగే రోజు అతని తల నిమిరి వచ్చింది. కింద పెద్ద స్విమ్మింగ్ పూల్ దగ్గర వేల మంది పిల్లల సందడిలో అయితే అమ్మ అరగంట కూర్చునేది కాదు. అందుకే వండర్ నైబర్‌హుడ్‌కి అంత విలువ ఇస్తాను. రోజంతా ఒకచోట ప్రశాంతంగా ఉండే పెద్దవాళ్ళకి అది ఇంటి అరుగు లాంటిది.

సింఫనీలో అరుగు మా బాల్కనీయే అయింది. లాంజ్, కోస్టల్ కిచెన్ 17వ డెక్ మీద ఉన్నాయి, లిఫ్ట్ దిగితే చేరిపోతాం. కానీ మామయ్యకి గది వదిలి రావడమే ఇష్టం లేదు. న్యూజెర్సీ నుంచి దక్షిణానికి దిగేటప్పుడు ఎడమ వైపు గదులకి తూర్పు దొరుకుతుంది. ఆ సంగతి చూసే ఎడమ వైపు గది పట్టాను. రెండో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే, మామయ్య బాల్కనీలో స్టీలు గ్లాసుతో నీళ్ళు పెట్టుకుని సంధ్యావందనం చేసుకుంటున్నారు. ఎదురుగా సూర్యుడు నీళ్ళలోంచి సగం పైకి వచ్చాడు. అర్ఘ్యం మాత్రం సముద్రంలోకి వదల్లేదు, కింద బాల్కనీ వాళ్ళ మీద పడుతుందని చిన్న గిన్నెలోకి వదిలారు. ఆయనది భీమిలి. "మన సముద్రంలోనూ ఇలాగే వస్తాడమ్మా" అన్నారు. ఆ ఒక్క పొద్దుటికే నాకు ఆ ట్రిప్పు డబ్బు వసూలైపోయింది. మీరూ మీ ఓడ ఏ దిక్కుకి వెళ్తుందో చూసి వైపు ఎంచుకోండి. తిరుగు ప్రయాణంలో ఉత్తరానికి వస్తుంది కాబట్టి అదే గదికి సాయంత్రం ఎండ పడుతుంది.

ఇక అమ్మగారి మోకాళ్ళ గురించి. మీరు అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇదే. ఈ ఓడ పొడవు 360 మీటర్ల పైన. లిఫ్ట్‌లు ముందొక గుంపు, వెనకొక గుంపు. ఆ రెండిటి మధ్య కారిడార్‌లో గది ఇస్తే, పూటపూటకీ అమ్మగారికి చాలా దూరం నడక. అందుకని డెక్ ప్లాన్ తెరిచి, లిఫ్ట్‌కి నాలుగైదు తలుపుల దూరంలో గది అడగండి. మరీ ముందుకీ మరీ పైకీ పోవద్దు, సముద్రం కదిలినప్పుడు ఊపు అక్కడే ఎక్కువ. లాఫ్ట్ సూట్‌ల ఫొటోలు చూసి మురిసిపోకండి. అవి రెండంతస్తులు, పడక పైన ఉంటుంది, రాత్రిపూట మెట్లెక్కాలి. ఇంకోటి, గ్రాండ్ సూట్ స్నానాల గదిలో టబ్ ఉంటుంది. దాని అంచు దాటి లోపలికి కాలు పెట్టడం మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి చాలా కష్టం. మా అమ్మ స్నానానికి వెళ్తే నేను ఆమె చేయి పట్టుకునే ఉండేదాన్ని. షవర్ స్టూల్ కావాలని కొన్ని వారాల ముందే కంపెనీకి రాయండి, గదిలో పెడతారు. నడవడం మరీ కష్టమైతే అంచు లేని షవర్ ఉండే ప్రత్యేక గదులూ ఉన్నాయి, వాటి గురించి అడగండి.

తిండి విషయం. కోస్టల్ కిచెన్ అనగానే ఆశ పడకండి, అక్కడి వంట మధ్యధరా, కాలిఫోర్నియా పద్ధతి. పొద్దున ఆమ్లెట్, పండ్లు, కాఫీకి హాయిగా ఉంటుంది, గుంపు ఉండదు. రాత్రికి మాత్రం మా ఇద్దరి పెద్దవాళ్ళూ కింద మెయిన్ డైనింగ్ రూమ్‌కే వెళ్దామన్నారు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి, శాకాహారం, ఉల్లి వెల్లుల్లి సంగతి, కారం ఎంత కావాలో చెప్పాను. మర్నాటి నుంచి పప్పు, ఒక కూర, అన్నం వచ్చాయి. సింఫనీలో మా బల్లకి వచ్చిన అబ్బాయిది మంగళూరు. అత్తయ్య అడక్కుండానే పెరుగు గిన్నె పెట్టేవాడు. ముందు రోజే చెప్పాలన్నది గుర్తుంచుకోండి, బల్ల దగ్గర కూర్చున్నాక అడిగితే వాళ్ళు మాత్రం ఎక్కడినుంచి తెస్తారు?

అమ్మానాన్నల వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా, తిరిగి వచ్చే తేదీ దాటి చెల్లుబాటు ఉందా అని పాస్‌పోర్ట్ తీసి మీ కళ్ళతో చూసుకోండి. ఓడ దిగి మళ్ళీ అమెరికాలోకి రావాలి కదా.

ఒకవేళ వండర్‌లో గ్రాండ్ సూట్ మీ బడ్జెట్‌కి దగ్గరగా దిగితే, ఆ రోజు మీవారి మాట వినండి. నాకూ అదే ఇష్టం.

ప్రశ్న: ఓడలోకి చిన్న రైస్ కుక్కర్, మా అత్తగారు పెట్టిన ఆవకాయ, కందిపొడి తీసుకెళ్ళొచ్చా? సూట్ అయితే పర్వాలేదని ఎవరో చెప్పారు.
*ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ*

జవాబు: సూట్ అయినా కుక్కర్, కెటిల్ తీసుకెళ్ళకూడదు. వేడెక్కే ఎలక్ట్రిక్ సామాను ఏదైనా స్కానింగ్‌లో ఆపేస్తారు, నిప్పు భయం ఓడ మీద చాలా ఎక్కువ. ఇంట్లో చేసినవి కూడా వద్దు. కొట్లో కొన్న, సీలు విప్పని ప్యాకెట్లు, అంటే పొడులు, బిస్కెట్లు, మరమరాలు లాంటివి పట్టుకెళ్ళొచ్చు. నేను కందిపొడి సీలు ప్యాకెట్లు రెండు తీసుకెళ్తాను. వేడి అన్నం డైనింగ్ రూమ్‌లో దొరుకుతుంది, నెయ్యి బదులు వెన్న అడగండి, కరిగి కలిసిపోతుంది. మీ అత్తగారి ఆవకాయ ఇంట్లోనే భద్రంగా ఉంచి, తిరిగొచ్చిన రోజు తెరవండి.

ప్రశ్న: మాకు కొత్తగా పెళ్ళయింది. ఇవే ఓడల్లో వెనక ఆక్వా థియేటర్ సూట్ బాగుంటుందా?
*ఒక పాఠకుడు, హైదరాబాద్*

జవాబు: బాల్కనీలోంచే నీటి ప్రదర్శనలు కనిపిస్తాయి, అదో పండగ. కానీ షో ఉన్న రాత్రి సంగీతం, జనం కేకలు, పగలు రిహార్సల్స్, అన్నీ మీ బాల్కనీలోకే వస్తాయి. కొత్త జంట కదా, నిశ్శబ్దం కావాలంటే సముద్రం వైపు బాల్కనీ తీసుకుని, షోకి కింద నుంచి వెళ్ళి చూడండి. ముందు వరుసల్లో కూర్చుంటే తడుస్తారు, ఫోను లోపల పెట్టుకోండి.