మూతి వంకరపోతే ముందు నుదురు చూడండి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఆయనకు 44 ఏళ్లు, రొయ్యల గుంటల కాడ రాత్రి కాపలా ఉంటాడు. మొన్న పొద్దున పళ్లు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్కనుంచి కారిపోయాయి. చూస్తే మూతి కుడివైపుకి లాగేసింది, ఎడమ కన్ను మూతపడటం లేదు. చేతులు, కాళ్లు బాగానే ఉన్నాయి. షుగర్ ఉంది, మాత్రలు వాడతాడు. గాలి సోకింది, పక్షవాతం, పసరు పోయించాలి అని మా అత్తగారు. తలకు స్కానింగ్ తీయాల్సిందేనని పక్కింటాయన. ఏం చేయాలో తెలియడం లేదు.

జవాబు: చూడమ్మా, ఇది సైట్లో వచ్చేదాకా ఆగితే ఆలస్యమవుతుందని నిన్నే మీకు కబురు పంపించాం, ఈపాటికి డాక్టర్‌కి చూపించే ఉంటారు. ఇక్కడ రాసేది మీతోపాటు మిగతావాళ్లకూ పనికొస్తుందని.

మీ ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి కనుబొమ్మలు పైకెత్తమనండి. ఎడమవైపు నుదుటి మీద ముడతలు పడకుండా నున్నగా ఉండిపోయి, ఆ కన్ను కూడా మూయలేకపోతే, ఇబ్బంది మెదడులో కాకుండా ముఖానికి వచ్చే నరంలో ఉండే అవకాశమే ఎక్కువ. మెదడులో పక్షవాతం వస్తే మూతి వంకర పోయినా చాలామందిలో నుదురు మాత్రం మామూలుగా కదులుతుంది, ఎందుకంటే నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ సరఫరా ఉంటుంది, గుంట మీద కరెంటు పోతే జనరేటర్ అందుకున్నట్టు ఒకవైపు పోయినా రెండోది నడిపిస్తుంది. కానీ స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే తీగే దెబ్బతింటే జనరేటర్ ఉండి ఏం లాభం? మీ ఆయనకు జరిగింది అదే అనిపిస్తోంది. దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. 1821లో ఈ నరం గురించి వివరించిన చార్లెస్ బెల్ అనే స్కాట్లాండ్ సర్జన్ పేరు పెట్టారు.

అయితే ఈ నుదుటి పరీక్ష ఇంట్లో చేసి మీరే తీర్పు చెప్పేసుకోకండి. మాట ముద్దగా రావడం, చేయి కాలు బలం తగ్గడం, తూలిపోవడం, భరించలేని తలనొప్పి, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. నుదురు సంగతి అనుమానంగా ఉన్నా అంతే.

ఇంతకీ నరానికి ఏమైంది? ముఖాన్ని కదిలించే ఈ నరం చెవి వెనక ఎముకలో సన్నటి గొట్టంలాంటి దారిలోంచి బయటికి వస్తుంది. నరం వాచిందంటే ఎముక సాగదు కదా, అక్కడే నొక్కుకుపోతుంది. అందుకే చాలామందికి ఒకటి రెండు రోజుల ముందే చెవి వెనక నొప్పి వస్తుంది, నాలుక రుచి తగ్గుతుంది, ఆ చెవికి ప్లేటు చప్పుడు కూడా పెద్దగా వినిపిస్తుంది. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ నరంలో దాక్కుని మళ్లీ లేవడమే కారణమని అనుమానం. షుగర్ ఉన్నవాళ్లలో, నెలలు నిండుతున్న గర్భిణుల్లో ఎక్కువగా చూస్తాం. రాత్రంతా గుంట గట్టున చలిగాలికి ఉండటం వల్లేనా అని మీరు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. దానికి గట్టి రుజువు లేదు, ఆయన్ని తప్పుపట్టకండి.

మందు విషయానికి వస్తే, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, సాధారణంగా పది రోజుల వరకు వాడతారు. 2007లో వచ్చిన స్కాట్లాండ్ పరిశోధనలో, ఈ మాత్రలు వేసుకున్నవాళ్లలో తొమ్మిది నెలలకు ముఖం పూర్తిగా మామూలైనవాళ్లు 94 శాతం, వేసుకోనివాళ్లలో 82 శాతం. అంటే వేసుకోకపోయినా ఎక్కువమందికి తగ్గుతుంది, పసరు పోసేవాళ్లకు పేరొచ్చేదీ అక్కడే! కానీ తగ్గని ఆ కొద్దిమందిలో మీ ఆయన ఉంటాడో లేదో ముందుగా ఎవరూ చెప్పలేరు. షుగర్ ఉంది కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, స్టెరాయిడ్‌తో షుగర్ బాగా పెరుగుతుంది, వాడినన్ని రోజులూ చెక్ చేయిస్తూ డాక్టర్ చెప్పినట్టు షుగర్ మందు సర్దుకోవాలి. భయపడి మానేయడమూ తప్పే. చెవిలో పొక్కులు కనిపిస్తే అది వేరే రకం, వైరస్ మందు కూడా కావాలి, అది తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు అసలు మాట, కన్ను. మూతి గురించి ఏడ్చేవాళ్లే గానీ కన్ను గురించి అడిగేవాళ్లు తక్కువ. ఉదయగిరి వైపు నుంచి ఒకాయన రెండు వారాలు కంట్లో పసరు వేయించుకుని వచ్చాడు. అప్పటికి మూతి కొంచెం సర్దుకుంది గానీ నల్లగుడ్డు మీద పుండు పడి చూపు మసకబారింది. మూతపడని కన్ను ఎండిపోతుంది, దుమ్ము పడినా తుడిచే రెప్ప లేదు. పగలు గంటకో రెండు గంటలకో కన్నీళ్లలాంటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి, రెప్పను వేలితో కిందికి దించి పేపర్ టేపు అంటించాలి. ఊరికే దూది పెట్టి కట్టు కడితే లోపల కన్ను తెరుచుకుని ఆ దూదే గుచ్చుకుంటుంది. బయటికి వెళ్తే కళ్లజోడు. ఎర్రబడినా నొప్పి పుట్టినా ఆ రోజే కంటి డాక్టర్.

స్కానింగ్ అందరికీ అక్కర్లేదు. ఒక్కసారిగా కాకుండా వారాల తరబడి మెల్లగా వంకరపోయినా, రెండు వైపులా వచ్చినా, అదే వైపు మళ్లీ వచ్చినా, మూడు నాలుగు నెలలకు ఏ కదలికా లేకపోయినా తీయించాలి. చెవిలో చీము కారుతున్నా, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలున్నా చెప్పాలి, కుష్ఠు కూడా ఈ నరాన్ని పట్టుకుంటుంది.

చాలామందికి రెండు మూడు వారాల్లో కదలిక మొదలవుతుంది, పూర్తిగా రావడానికి నెలలు పట్టొచ్చు. అద్దం ముందు మెల్లగా చేసే వ్యాయామాలు చాలు. బుడగలు ఊదించడం, ముఖానికి కరెంటు పెట్టించడం నేను చెప్పను, నరం తిరిగి అల్లుకునేటప్పుడు తీగలు తారుమారై నవ్వితే కన్ను మూసుకోవడం, అన్నం తింటుంటే కన్నీళ్లు కారడం కొందరిలో ఎలాగూ ఉంటుంది, బలవంతంగా కదిలిస్తే అది ఇంకా పెరగొచ్చు. తిన్నాక ఎడమ దవడలో మెతుకులు ఇరుక్కుంటాయి, వేలితో తీసి పుక్కిలించమనండి.

గుంట డ్యూటీ అంటారా, కన్ను మూతపడేదాకా ఇంకెవరినైనా పెట్టమని యజమానిని అడగండి. గాలి, దుమ్ము, రాత్రి దీపం చుట్టూ పురుగులు, ఆ కంటికి అవే శత్రువులు.