తెలిసిన రోడ్డే అయినా రాత్రిపూట 60లో ఎందుకు రాకూడదు?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి 58 ఏళ్లు, 30 ఏళ్లుగా బండి నడుపుతున్నారు. అమలాపురంలో కొట్టు కట్టేసి రాత్రి 9 దాటాక కాలువ గట్టు మీదుగా 60కి తగ్గకుండా ఇంటికి వస్తారు. నెమ్మదిగా రమ్మంటే "ఈ రోడ్డు మీద కళ్లు మూసుకుని రాగలను" అంటారు. ఆయనకెలా చెప్పాలి?

నేనూ సరిగ్గా ఆ మాటే అనేవాడిని. మాది కొత్తపేట వైపు. కొన్నేళ్ల క్రితం డిసెంబరులో, సార్వా కోతలై గట్టు పొడవునా ధాన్యం ఆరబోసిన రోజుల్లో, రాత్రి ఎనిమిదిన్నరకి బావమరిదిని వెనక ఎక్కించుకుని వస్తున్నాను. ఎదురుగా వచ్చిన కారు లైటు కళ్లలో కొట్టింది. అది దాటిపోగానే ముందు నల్లగా గోడలాంటిది కనబడింది. టైరు పంక్చరై ఆగిపోయిన ట్రాక్టర్ ట్రక్కు, నిండా ధాన్యం బస్తాలు, వెనక లైటు లేదు. బ్రేకు వేస్తే తారు మీద చెల్లాచెదురుగా పడి ఉన్న గింజల మీద చక్రం జారింది. ట్రక్కు మూల నా భుజానికి తగిలి కాలర్ బోన్ విరిగింది. బావమరిది మోచేతులు చెక్కుకుపోయాయి. నేను తాగి లేను, నిద్రమత్తులో లేను, ఫోను జేబులోనే ఉంది. రోడ్డు చూస్తూనే నడిపాను. చూస్తున్నా ఎందుకు కనబడలేదన్న ప్రశ్న ఆ మంచం మీద ఉన్న ఆరు వారాలూ నన్ను వదల్లేదు.

జవాబు 1977లో హెర్షెల్ లీబోవిట్జ్, ఆల్‌ఫ్రెడ్ ఓవెన్స్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు రాసిన దాంట్లో దొరికింది. బండి నడిపేటప్పుడు కన్ను రెండు పనులు చేస్తుంది. ఒకటి దారి పట్టుకోవడం: రోడ్డు అంచు, మలుపు, పక్కనుంచి వెనక్కి పోయే కొబ్బరి చెట్లు. రెండోది ముందున్నది ఏమిటో గుర్తుపట్టడం. వెలుగు తగ్గితే మొదటి పనికి పెద్దగా ఇబ్బంది రాదు, రెండోది బాగా దెబ్బతింటుంది. కరెంటు పోయినప్పుడు గమనించండి. మసక వెలుతురులో పెరట్లోకి నడిచి వెళ్లిపోతాం, కానీ చేతిలో ఉన్న మందు చీటీ మీద పేరు చదవలేం. బండి మీదా అంతే. హ్యాండిల్ చక్కగా తిరుగుతోంది, మలుపులు తప్పడం లేదు, కాబట్టి అంతా కనబడుతోందనే అనిపిస్తుంది. అందుకే రాత్రయినా స్పీడు తగ్గించాలనిపించదు.

అంటే మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు. దారి తప్పకుండా ఆయన నిజంగానే రాగలరు. కానీ 30 ఏళ్ల అలవాటుతో ఆయనకు తెలిసింది మలుపులు, కల్వర్టులు, గోతులు. ఇవాళ సాయంత్రం ఎవరో ఆపి వెళ్లిన ట్రక్కు గానీ, ఆరబోసిన ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్లు గానీ ఆ తెలిసినవాటిలో లేవు.

భుజం కుదుటపడ్డాక ఒక పని చేశాను. రాత్రిపూట బళ్లు తిరగని పుంత రోడ్డులో బావమరిదిని ముదురు రంగు లుంగీ, చొక్కాతో పక్కగా నిలబెట్టాను. దూరం నుంచి డిమ్ లైటుతో మెల్లగా వచ్చి, మనిషి ఉన్నాడని తెలిసిన చోట బండి ఆపి అంగలు లెక్కపెట్టాను. 30 అంగలు. అంటే 22, 23 మీటర్లు. 60లో వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. ప్రమాదం కనబడి, బుర్రకెక్కి, బ్రేకు మీద కాలు పడటానికి ఒకటిన్నర సెకను పట్టిందనుకున్నా 25 మీటర్లు అయిపోతాయి. అంటే బ్రేకు తొక్కకముందే మనిషి మీదకి వెళ్లిపోతాం! పైగా మన దేశంలో రోడ్లు డిజైన్ చేసే ఇంజనీర్లు ఈ స్పందనకి రెండున్నర సెకన్లు లెక్కేస్తారు. 60 స్పీడుకి కనీసం 80 మీటర్ల మేర ముందు రోడ్డు కనబడాలని వాళ్ల ప్రమాణం. అదే 40లో అయితే పొడి రోడ్డు మీద, ఒకటిన్నర సెకను లెక్కన, మొత్తం 26 మీటర్లలో ఆగొచ్చు. అదీ నాకు కనబడ్డ 22, 23 మీటర్ల కంటే కాస్త ఎక్కువే, గింజలు పడ్డ రోడ్డు మీద ఇంకా ఎక్కువ కావాలి. నేను కోతల రోజుల్లో 30 దాటను.

మీ నాన్నగారి విషయంలో వయసు కూడా ఉంది. 60 ఏళ్ల కంట్లో రెటీనాకి చేరే వెలుగు 20 ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు మాత్రమే. ఎదుటి లైటు కొట్టాక చూపు మళ్లీ తేరుకోవడానికీ ఎక్కువసేపు పడుతుంది. శుక్లాలు మొదలైతే ఆ లైటు కంట్లో ఇంకా చెదురుతుంది. ముందు కళ్ల డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. హెల్మెట్ ఎలాగూ పెట్టించాలి, కానీ గీతలు పడ్డ పాత గ్లాసు మాత్రం మార్పించండి. రాత్రిపూట లైటు పడితే ఆ గీతలన్నీ మెరుస్తాయి.

ఇంకొకటి, ఇది నాకు బాగా నచ్చిన విషయం. 1973లో గున్నార్ జొహాన్సన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త చీకట్లో మనుషుల కీళ్ల దగ్గర మాత్రమే చిన్న వెలుగు చుక్కలు పెట్టి నడిపించాడు. చూసినవాళ్లు అది నడుస్తున్న మనిషని ఇట్టే గుర్తుపట్టారు. అందుకని చీకట్లో నడిచేవాళ్లు రేడియం స్టిక్కర్ చొక్కా వీపు మీద కంటే చీలమండలకి, మోకాళ్లకి కడితే ఎక్కువ ఉపయోగం. పొద్దున్నే నడకకి వెళ్లే అమ్మకి కూడా చెప్పండి. నేను మా వీధిలో ట్రక్కులన్నిటికీ వెనక రెండు మూలలా ఎర్ర రేడియం అంటించాను. ఎవరూ కాదనలేదు.

నాన్నగారితో వాదించకండి, ఆయన అనుభవాన్ని తక్కువ చేసి మాట్లాడకండి. ఒక రాత్రి బళ్లు రాని రోడ్డులో ముదురు రంగు దుప్పటి కప్పుకుని మీరే పక్కన నిలబడండి. రోడ్డుకి రెండు వైపులా ఇంకో ఇద్దరిని టార్చిలతో కాపలా పెట్టండి. ఆయన్ని 10 స్పీడులో రమ్మని, మీరు కనబడిన చోట ఆగమనండి. అక్కడి నుంచి మీ దాకా అంగలు ఆయన్నే లెక్కపెట్టమనండి.