తాతగారి కెమెరాలో దొరికిన పాత రీలును విజయవాడలో కడిగించుకోవచ్చా?

కడిగించుకోవచ్చు. కానీ అది కలర్ రీలా, బ్లాక్ అండ్ వైటా అని అడగకుండానే కవర్లో వేసుకునే షాపుకి మాత్రం ఇవ్వకండి. నా బాధంతా దాని గురించే.

1980 కృష్ణా పుష్కరాల్లో మా నాన్నగారు తీసిన రెండు రీళ్లు కడిగించకుండా బీరువాలోనే ఉండిపోయాయి. తూర్పు జర్మనీ ఆర్వో వాళ్ల బ్లాక్ అండ్ వైట్ రీళ్లు. ఒకటి గవర్నర్‌పేటలో ఒక షాపులో ఇచ్చాను. 'బయటి ల్యాబ్‌కి పంపాలి సార్' అన్నారు, సరేనన్నాను. తిరిగొచ్చిన రీలు చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా గాజులా ఉంది. 'ఫొటోలు పడలేదు సార్, ఖాళీ రీలు' అని తేల్చేసి, డబ్బులు మాత్రం లెక్కపెట్టి తీసుకున్నారు.

ఖాళీ రీలా? రీలు అంచున కంపెనీ పేరు, నంబర్లు ఫ్యాక్టరీలోనే పడి ఉంటాయి. ఫొటో తీయకపోయినా కడిగితే అవి నల్లగా తేలాలి. అవీ లేవు! కలర్ రీళ్లకు వాడే సి-41 మందుల్లో ముంచేశారన్నమాట. అందులో బొమ్మ రంగుల్లో నిలుస్తుంది, రీలు పూతలో ఉండే వెండిని చివర్లో కడిగేస్తారు. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మంటే ఆ వెండే. ఇక మిగిలేదేముంది?

రెండోది గుంటూరు బ్రాడీపేటలో, స్టూడియో మూసేసి ఇంట్లో ఉంటున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. అసలే మే నెల. 'ట్యాంకు నీళ్లతో కడిగితే పూత ఊడొస్తుంది బాబూ, ఐసు పట్రా' అన్నారు. డెవలపర్, అంటే బొమ్మను తేల్చే మందు, సీసాను ఐసు నీళ్ల గిన్నెలో నిలబెట్టి, థర్మామీటర్ 20కి దిగేదాకా కదల్లేదు. బాత్‌రూమ్ వెంటిలేటర్‌కి నల్ల దుప్పటి కట్టారు. ఎర్ర బల్బు వేయనా అంటే కసిరారు, అది ప్రింటు కాగితానికట, రీలుకి కాదట. తేలిన బొమ్మను నిలబెట్టే మందు హైపోలోంచి తీసి వెలుగుకి పట్టుకుంటే, మసక మసగ్గానే అయినా, దుర్గా ఘాట్ మెట్లు కనిపించాయి. మెట్ల మీద గుండు చేయించుకున్న మా మావయ్య. నెగటివ్‌లో గుండు నల్లగా, నిండా జుట్టున్నట్టే ఉన్నాడు!

ఇప్పుడు స్టూడియో బోర్డు ఉన్న ప్రతిచోటా ప్రీ వెడ్డింగ్, డ్రోన్, కరిష్మా ఆల్బమ్. హైపో కావాలంటే మొహం వింతగా పెడతారు.

మీ రీలు మీద కోడాక్రోమ్ (కోడాక్ వాళ్ల పాతరకం కలర్ రీలు) అని ఉంటే రంగుల మీద ఆశ వదిలేయండి. దాన్ని కడిగే చివరి ల్యాబ్, అమెరికాలోని కాన్సాస్‌లో ఉండేది, 2010 డిసెంబరులోనే రీళ్లు తీసుకోవడం ఆపేసింది. బ్లాక్ అండ్ వైట్‌గా కడిగితే ఏదో ఒక బొమ్మ రావచ్చు. రీలు ఇంకా కెమెరాలోనే ఉంటే చుట్టడం తెలిసినవాళ్ల చేతే తీయించండి. షాపులో కుర్రాడి చేతికిస్తే, 'ఉందో లేదో చూద్దాం సార్' అంటూ కౌంటర్ మీదే వెనక మూత తెరిచేస్తాడు, వెలుగు తగిలి ఉన్న బొమ్మలూ పోతాయి.