రొయ్యల పచ్చడి అమ్మబోయే మేనల్లుడికి

నెల్లూరు,
2024 ఏప్రిల్ 22

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

రొయ్యల పచ్చడి, మామిడికాయ పచ్చడి చేసి అమ్మాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి పని. సీసాలు కొన్నావంట, పేరు పెట్టావంట, ఇన్‌స్టాగ్రాంలో పేజీ కూడా తెరిచావంట. లైసెన్సు సంగతేందని అడిగితే "ఇంట్లో వండేదానికి లైసెన్సు ఏంది వదినా" అనింది. అందుకే ఈ జాబు.

ఇంట్లో వండినా, అంగడి పెట్టి వండినా, డబ్బు తీసుకుని తిండి అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో తిండి భద్రత చూసే సర్కారు సంస్థ, ఇచ్చే నంబరు ఉండాల్సిందే. 2006 ఆహార భద్రత చట్టం, దాని కింద 2011లో వచ్చిన నిబంధనలు ఆ మాటే చెప్తాయి. నీలాంటి చిన్న వ్యాపారానికి లెక్కంతా అమ్మకాన్ని బట్టి. ఈ 2024లో ఉన్న లెక్క ప్రకారం ఏడాదికి 12 లక్షల దాకా అయితే రిజిస్ట్రేషన్ చాలు, ఫీజు ఏడాదికి 100 రూపాయలు. అది దాటితే రాష్ట్ర లైసెన్సు. చిన్న తయారీదారుకి ఏడాదికి 3,000. దానికి వంటగది ప్లాను, నీళ్ల పరీక్ష రిపోర్టు, సామాన్ల జాబితా అన్నీ అడుగుతారు. 20 కోట్లు దాటితే సెంట్రల్ లైసెన్సు, ఆ తలనొప్పి మనకి ఇప్పట్లో లేదులే.

అమ్మకం అంటే లాభం కాదబ్బయ్యా. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. "నాకు నెలకి ముప్పై వేలు కూడా మిగలడంలేదు, నాకెందుకు లైసెన్సు" అంటారు. చేతికొచ్చిన మొత్తం సొమ్ము చూస్తారు, మిగిలింది కాదు. రొయ్యల పచ్చడి కిలో 1,200 అనుకో, ఏడాదికి 1,000 కిలోలు అమ్మితే 12 లక్షలు. నెలకి ఎనభై కిలోల చిల్లర. అమెరికాకి, బెంగళూరుకి పార్సిళ్లు మొదలైతే ఆ గీత ఎంతో దూరం లేదు. మొదటి రోజునుంచే ప్రతి సీసా పుస్తకంలో రాసిపెట్టు.

దరఖాస్తు ఫాస్కోస్ అనే ఎఫ్ఎస్ఎస్ఏఐ పోర్టల్లో పెట్టాలి. ఫొటో, ఆధార్, వంట చేసే చోటి చిరునామా రుజువు దగ్గర పెట్టుకో. ఇల్లు మీ తాత పేరుమీద ఉంది కాబట్టి అభ్యంతరం లేదని ఆయన చేత ఒక కాగితం రాయించుకో. నెట్ సెంటర్లలో ఈ 100 రూపాయల పనికి వేలు లాగేవాళ్లుండారు. కంప్యూటర్ మీద బతికేవాడివి, నువ్వే నింపు. రిజిస్ట్రేషన్‌కి 7 రోజుల్లో వాళ్లు నంబరన్నా ఇవ్వాలి, కారణం రాసి కాదనన్నా కాదనాలి, చూడ్డానికి వస్తామని నోటీసన్నా ఇవ్వాలి.

ఇంక అసలు సంగతికి వస్తా. ఆ ఫారంలో నువ్వు ఏం చేస్తావని అడుగుతుంది. తొందరలో రిటైలర్ అని నొక్కేస్తారు చానామంది, ఎందుకంటే అది సులువుగా అయిపోతుంది. నువ్వు అమ్మేవాడివి మాత్రమే కాదు, తయారుచేసేవాడివి. తయారీ అనే పెట్టాలి. సరుకు వరసలు, అంటే కేటగిరీలు, కూడా వేరు. మామిడికాయ పచ్చడి పండ్లు, కూరగాయల వరసలోకి పోతుంది, అది 4వది. రొయ్యల పచ్చడి చేపల వరస, 9వది. రెండూ టిక్కు పెట్టు. మామిడికాయకి తీసుకున్న నంబరు రొయ్యల సీసా మీద వేస్తే అది నంబరు లేనట్టే. ఆ తర్వాత కోడి పచ్చడి కూడా చేయాలనిపిస్తే, అది మాంసం వరస, ముందు అది చేర్పించి తర్వాతే వండు.

పేరు ఎవరిది పెట్టాలా అంటే, మీ అమ్మది పెట్టు. నువ్వు వారమంతా చెన్నైలో ఉంటావు, పొయ్యి ముందు నిలబడేది ఆమె. రేపు ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు వచ్చి అడిగితే జవాబు చెప్పాల్సింది వంట తెలిసిన మనిషి. కాగితం ఒకరి నుంచి ఇంకొకరికి ఊరికే మారదు. చోటు కూడా అంతే, ఒక్కో చోటికి ఒక్కో నంబరు. చెన్నైలో నీ రూములో సీసాలు దాచి అక్కడనుంచి పంపుతానంటావేమో, దానికి మళ్లీ అక్కడ వేరే రిజిస్ట్రేషన్ కావాలి. కావలిలో మీ ఇంటి నుంచే పంపించు.

లేబుల్ దగ్గర అచ్చేసే ప్రెస్ వాళ్లని నమ్మొద్దు. వాళ్ల కంప్యూటర్లో పాత గుర్తులే ఉంటాయి. మాంసాహారానికి ముందు గోధుమరంగు గుండ్రం ఉండేది, ఇప్పుడు గోధుమరంగు చదరంలో త్రిభుజం. మామిడికాయకి ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ గుండ్రం. 14 అంకెల నంబరు పక్కన ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు 2తో మొదలవుతుంది, లైసెన్సుది 1తో. ఎక్కువ వేసిన సరుకు ముందు, తక్కువది తర్వాత, ఆ వరసలో రాయి. రొయ్యలు పడనివాళ్లుంటారు, గానుగ శనక్కాయల నూనె పడనివాళ్లుంటారు, ఆ రెండూ విడిగా కనపడేట్టు వేయి. బరువు, ఎమ్మార్పీ తూనికలు కొలతల శాఖ పరిధి, ప్యాకరుగా వాళ్ల దగ్గర కూడా రిజిస్టర్ కావాలి. ఎన్ని నెలలు నిలవ ఉంటుందో మీ అమ్మ అంచనాతో వేయొద్దు, గుర్తింపు ఉన్న ల్యాబుకి ఒక సీసా పంపు.

సరుకు సంగతి కూడా ఒకటి చెప్తా. ఆవాలు కొన్నప్పుడు పిడికెడు తెల్లకాగితం మీద పోసి చూడు. గరుకుగా, మరీ నల్లగా ఉండే గింజలు కనపడితే నలిపి చూడు. లోపల పసుపుగా ఉంటే ఆవ, తెల్లగా ఉంటే బ్రహ్మదండి గింజ. అది విషం, కడుపులోకి పోతే కాళ్లు వాస్తాయి. నూనె సీలు తీయని డబ్బాలే కొను. కారం మిరపకాయలు కొని మరపట్టించుకో. ఏం కొన్నా బిల్లు తీసుకో. అమ్మేవాళ్ల నంబరు బిల్లు మీద వేయాలని 2022 జనవరి నుంచి రూలుంది. వేయని అంగట్లో కొనొద్దు, ఎంత అగ్గువైనా.

ఇప్పుడు జూన్ 14 దాకా సముద్రంలో వేట బందు కదా, మంచి రొయ్యలకి ఎటూ ఆగాల్సిందే. గుంటల రొయ్యలతో తొందరపడి మొదలుపెట్టొద్దు. ఈలోగా ఫారం నింపు, వంటింటి కిటికీకి దోమల జాలీ కొట్టించు, మీ అమ్మకి, సాయం చేసే ఆవిడకి డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీయించు. అది ఏటా కావాలి.

జీఎస్టీ సంగతి నాకంటే మీ ఆడిటరు బాగా చెప్తాడు. ఫారం నింపాక డబ్బు కట్టేముందు ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, సరుకు వరసలు నేను ఒకసారి చూస్తా.

మీ అత్త