చిన్న టౌన్‌లో జానపద పండుగ పెట్టాలంటే ముందు టైం సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న ఇది: హుజూరాబాద్ పక్కన ఉన్న మీ టౌన్‌లో యువకులంతా కలిసి రెండు రోజుల జానపద సంగీత పండుగ పెట్టాలనుకుంటున్నారు. ఇరవై బృందాలను పిలిచి ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు ఇద్దామని ప్లాన్. డీజే లేకుండా జనం కూర్చుంటారా, ఏ నెలలో పెడితే మంచిది, డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలి అని అడిగారు.

మాది వర్ధన్నపేట వైపు. మా దగ్గర ఊరంతా కలిసి ఏటా ఇలాంటిదే చేస్తాం. మేళాలను, అంటే కళాకారుల బృందాలను మాట్లాడుకోవడం, వాళ్లు వచ్చిన దగ్గర్నుంచి తిరిగి బండి ఎక్కేదాకా చూసుకోవడం నా వంతు. జనం గురించి టెన్షన్ పడకండి, వస్తారు. నాకు భయమేసింది ఆ పదిహేను నిమిషాలు చూసి.

డోళ్ల మోతతో మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలు పాడుతూ ఆడుతూ చెప్పే ఒగ్గు కథనే తీసుకోండి. డోళ్లు, తాళాలు అందుకొని దేవుణ్ణి తలుచుకొని జనాన్ని కుదురుగా కూర్చోబెట్టేసరికే మీరిచ్చిన టైం అయిపోతుంది. కథ ఆ తర్వాత కదా మొదలయ్యేది. కథకుడు ఒక మాట అంటాడు, వంతవాడు అడ్డం తగిలి కొంటె ప్రశ్న వేస్తాడు, ఆ ప్రశ్నకు ఊళ్లో నిన్న మొన్న జరిగిన ముచ్చట ఏదో తగిలించి జవాబు వస్తుంది, జనం నవ్వుతారు, నవ్వు ఆగకముందే డోలు దెబ్బ మారిపోతుంది. అప్పటిదాకా మల్లన్నగా మాట్లాడినవాడే కొంగు కప్పుకొని మల్లన్న భార్య మేడలమ్మ అయిపోతాడు. మల్లన్న కథ అయినా, బీరప్ప కథ అయినా, ఎల్లమ్మ కథ అయినా రాత్రంతా నడిచేటట్టు అల్లుకున్నవే. ఒక రాత్రిలో తీరనివి కూడా ఉన్నాయి.

పదిహేను నిమిషాల్లో మీకు దొరికేది ఒగ్గు డోలు విన్యాసం. మంత్రులు వచ్చినప్పుడు, ఊరేగింపుల్లో ఒకరి భుజాల మీద ఒకరెక్కి డోళ్లు కొడతారే, అది. చూడ్డానికి బాగుంటుంది, పండుగ మొదటి సాయంత్రం ఊరేగింపుకు పెట్టుకోండి కూడా. కానీ దాన్ని చూసి ఒగ్గు కథ అయిపోయిందనుకుంటే, పిల్లలకు ఒగ్గు కథ అంటే డ్రమ్ముల ఆట అనే గుర్తుంటుంది.

అంటే తెల్లారేదాకా నడపమని కాదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఒగ్గు కథను నగరాల వేదికల మీదికి తీసుకెళ్లారు, సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. వేదికకు తగ్గట్టు కథను కుదించడం కళాకారులకు కొత్తేం కాదు. కాకపోతే ఎక్కడ తుంచాలో కథకుడికే వదిలేయాలి. మేమైతే "మీకు గంటన్నర ఉంది, ఏ ఘట్టం చెప్తారో మీ ఇష్టం" అని నెల ముందే చెప్పేస్తాం. యాంకర్ మధ్యలో చీటీ పంపడం, గంట కొట్టడం ఉండదు. ఒక సాయంత్రానికి పెద్దవి రెండే, వాటి చుట్టూ చిన్నవి మూడో నాలుగో. మీ ఇరవై బృందాల్లో సగానికి పైగా వచ్చే ఏడాదికి ఆపుకోండి. పిలవలేదని ఎవరైనా అలిగినా ఫర్వాలేదు. పిలిచి, పాట మొదలెట్టగానే దింపేస్తే ఆ అవమానం ఊరూరా తిరుగుతుంది.

ఇక్కడే చట్టం సంగతి కూడా. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైక్ పెట్టకూడదు. పండుగలూ ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు. ఆ సడలింపు మీకు ఉందో లేదో స్టేషన్‌లో ముందే అడిగి తెలుసుకొని, మైక్ పర్మిషన్ కాగితం జేబులో పెట్టుకోండి. మేం ఆ సడలింపు కోసం పాకులాడం. పదికి మైక్ బంద్. ఉండాలనుకున్నవాళ్లు పక్కనే గుడి ముందరికి వచ్చి కింద కూర్చుంటారు, కథకుడు మైక్ లేకుండా కొనసాగిస్తాడు. స్టేజీ ముందున్న జనంలో పదోవంతు కూడా మిగలరు, కానీ అసలు కథ వినేది వాళ్లే. డెబ్బై ఏళ్ల ముసలమ్మలు కథకుడి కంటే ముందే తర్వాతి మాట అందిస్తుంటారు. నన్నడిగితే మా పండుగ మొత్తంలో చూడదగ్గది అదే.

నెల సంగతి. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతర మొదలవుతుంది. కొమురవెల్లిలో సంక్రాంతి తర్వాతి ఆదివారం నుంచి ఉగాది ముందరి ఆదివారం దాకా ప్రతి వారం జాతరే. అన్ని రోజులూ దేవుడి ముందు రంగుల ముగ్గులతో పట్నాలు వేయడం, బోనాలు, కథలు. ఆ కాలంలో ఆదివారం పూట మీకు ఒగ్గు పూజారి, అంటే ఆ కథలు చెప్పేవాడు, దొరకడు, దొరికినా సగం ప్రాణం అక్కడే ఉంటుంది. మాఘం వచ్చిందంటే పెండ్లిళ్లు, డప్పుల వాళ్లకు తీరిక ఉండదు. దానికి తోడు రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా. ఆ రోజుల్లో మన జిల్లాల్లోని పోలీసులు, ఆర్టీసీ బస్సులు, టెంట్లు అన్నీ అటే. కార్తీకంలో పెడదామంటే వరికోతలు, పత్తి ఏరుడు. పాటలు పాడే ఆడవాళ్లంతా చేన్లలోనే ఉంటారు.

అందుకే మేం పుష్యమాసం ఎంచుకున్నాం. శూన్యమాసం కాబట్టి పెండ్లిళ్లు ఉండవు, మేళాలు ఖాళీగా ఉంటాయి. సంక్రాంతికి వారం పది రోజుల ముందు పెడితే హైదరాబాద్‌లో ఉన్న మన పిల్లలు కొందరు ముందే సెలవు పెట్టుకొని వస్తారు. ఒక్కటే ఇబ్బంది, చలి. చలికి పెద్దవాళ్ల గొంతులు, మంచుకు డప్పుల తోళ్లు పాడవుతాయి.

డప్పు విషయం కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే కమిటీల వాళ్లకు ఇది తట్టదు. మంచు పడితే తోలు మెత్తబడి మోత పడిపోతుంది. ప్రతి ఆటకు ముందు మంట దగ్గర కాచుకోవాలి. కాబట్టి స్టేజీకి కొంచెం దూరంలో, టెంట్ బట్టకు తగలకుండా, వరిగడ్డి మంటకు ఒక జాగా చూపించాలి. పక్కన నీళ్ల డ్రమ్ము, ఒక మనిషి కాపలా. టెంట్ హౌస్ వాళ్లు మొదట ఒప్పుకోరు, ముందే మాట్లాడుకోండి. ఒక ఏడాది టెంట్ అతను మంటను ఆర్పించేశాడు, డప్పుల వాళ్లు ఆ చలిలో అవతలి వీధి దాకా పోయి కాచుకొని రావాల్సి వచ్చింది. ఇప్పుడు బోల్టులతో బిగించే ఫైబర్ డప్పులు వచ్చాయి, వాటికి మంట అక్కర్లేదు. ఊరేగింపుకు సరే. పండుగకు పిలిచి తోలు డప్పు వినిపించకపోతే ఎట్లా?

ఇంకో సంగతి, డప్పుకు మైక్ పెట్టకండి. స్టేజీ కూడా ఎక్కించకండి, ముందు నేల మీద ఖాళీ జాగా వదలండి, జనం చుట్టూ నిలబడతారు. డప్పు కొట్టే రెండు పుల్లలు, చిటికెన పుల్ల, సిర్ర కలిసి పలికేది ఎదురుగా నిలబడి వింటేనే తెలుస్తుంది. బాక్సుల్లోంచి వస్తే అంతా ఒకటే మోత. తీగల వాద్యాలైన కిన్నెరకు, శారద కథలు చెప్పేవాళ్ల తంబురకు మాత్రం మంచి మైక్ తప్పనిసరి, అవి చాలా మెల్లగా పలుకుతాయి. మైక్ సెట్ అతనికి డీజే లెవల్స్ అలవాటు, బేస్ మొత్తం తగ్గించమని మనమే పక్కన నిలబడి చెప్పాలి. చెక్క స్టేజీ మీద గజ్జెల కాళ్లతో చిందు వేస్తే ఆ దెబ్బలు కూడా మైకులోకి పోతాయి. మైక్ స్టాండ్ల కింద గోనెసంచులు మడిచి వేయండి.

వేషాలు కట్టి పురాణ కథలు ఆడే చిందు యక్షగానం పెడితే వాళ్లకు మధ్యాహ్నమే ఒక గది ఇవ్వండి. ముఖానికి అర్దళం రంగు పూసుకొని, కిరీటం, భుజకీర్తులు కట్టుకోవడానికి గంటలు పడుతుంది. అద్దం, మంచి లైటు, తలుపుకు గొళ్లెం ఉన్న గది. జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చిన తర్వాత చిందు అంటే ఏమిటని అడిగేవాళ్లు పెరిగారు. అయినా ఇప్పటికీ స్టేజీ వెనకాల గోడ చాటున ముఖానికి రంగు వేసుకోమనే కమిటీలు ఉన్నాయి.

ఆడవాళ్ల పాటల గురించి మీరు అడగలేదు గానీ, నేను చెప్పకుండా ఉండలేను. నాట్ల పాటలు, విసుర్రాయి పాటలు, పెండ్లిలో పాడే పాటలు మీ టౌన్‌లోనే, మీ ఇంట్లోనే ఉన్నాయి. అమ్మమ్మను స్టేజీ ఎక్కించి చేతికి కార్డ్‌లెస్ మైక్ ఇస్తే గొంతు పెగలదు. మేం చేసేది: సాయంత్రం నాలుగు గంటలకు, ఇంకా లైట్లు వేయకముందే, నేల మీద జంపఖానా పరిచి పదిమందిని గుండ్రంగా కూర్చోబెడతాం. నడుమ పైనుంచి ఒక మైక్ వేలాడుతుంటుంది, దాని వంక ఎవరూ చూడరు. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. తండా ఆడవాళ్లు కూడా వస్తారు, లంబాడీ పాటకు మా వాళ్లు చప్పట్లు అందుకుంటారు. బతుకమ్మ పాటలు మాత్రం అడగొద్దు. అవి ఆ తొమ్మిది రోజులవే. పుష్యంలో పాడమంటే పెద్దవాళ్లకు నచ్చదు, నచ్చకపోవడంలో న్యాయం ఉంది.

జనం నిలబడతారా అన్నారు. స్టేజీ మీద తమవాళ్లు ఉంటే ఎవరూ ఇంటికి పోరు. మీ కరీంనగర్ వైపు చిరుతల రామాయణం, అంటే చేతుల్లో చిరుతలు వాయిస్తూ ఊరివాళ్లే ఆడే రామాయణం, ఇంకా ఆడే ఊళ్లున్నాయి. గురువును పెట్టుకొని, పగలు పని చేసుకొని, రాత్రిళ్లు నేర్చుకొని ఆడతారు. అలాంటి ఊరు ఒకటి చూసుకొని ఒక్క ఘట్టం ఆడించండి. హనుమంతుడి వేషం వేసినతని బంధువర్గంతోనే మీ సగం మైదానం నిండుతుంది. మీ యువకుల్లో పదిమంది ఆ చిరుతలు పట్టుకోవడం నేర్చుకుంటే ఇంకా మేలు. రిహార్సల్స్ మొదలైన రోజే మీ పండుగకు పబ్లిసిటీ మొదలైనట్టు.

డీజే మీద గొడవ పెట్టుకోకండి. యూట్యూబ్‌లో జానపదాలు పాడే పిల్లల్లో మంచి గొంతులున్నాయి, వాళ్లను పిలవండి. నా షరతు ఒక్కటే, పెన్‌డ్రైవ్‌లో ట్రాక్ తెచ్చి దాని మీద పెదవులు కదపడం కుదరదు. డోలక్, హార్మోనియం పెట్టుకొని పాడితే స్టేజీ వాళ్లది. లేదంటే వద్దు. ఈ మాట విని రానివాళ్లు ఉన్నారు. వచ్చినవాళ్లలో కొందరు, పాట అయిపోయాక గుడి దగ్గర కథ వినడానికి కూర్చున్నారు.

ఇక డబ్బు. మా లెక్కలో సగం కళాకారులకే పోతుంది, ముందు అది పక్కన పెట్టి మిగతాది చూసుకుంటాం. మాట్లాడుకున్న రోజే బయానా, ఆట అయిన రాత్రే మిగతాది, కవర్లో పెట్టి చేతికి. "ఎమ్మెల్యే గారు వచ్చాక ఆయన చేతుల మీదుగా" అనొద్దు. ఆయన ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. శాలువాలు, మెమెంటోలు పూర్తిగా తీసేశాం. పెద్ద కళాకారుల ఇళ్లకు పోయి చూడండి, బీరువా నిండా అవే ఉంటాయి. ఆ డబ్బుతో రానూ పోనూ తుఫాన్ బండి, రాత్రి పడుకోవడానికి బడి గదులు, మందపాటి చద్దర్లు వస్తాయి. కళాకారులు ఆటకు ముందు సరిగ్గా తినరు. వంట మేస్త్రీ తొమ్మిదింటికే గిన్నెలు సర్దేస్తే వాళ్లకు చల్లటి అన్నమే మిగులుతుంది. వాళ్ల భోజనం రాత్రి పదకొండున్నరకు వేడిగా ఉండాలని వంటతను వచ్చిన రోజే చెప్పాలి.

కథ వింటూ జనం కట్నాలు, అంటే కానుక డబ్బులు ఇస్తారు, కథకుడు పేరు చదివి దీవిస్తాడు. యాంకర్లు దాన్ని అడుక్కోవడంలా చూసి ఆపబోతారు. ఆపనివ్వొద్దు, అది ఆటలో భాగం. 2023లో వచ్చిన బలగం సినిమా చివర్లో, ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల పాట విని రాష్ట్రమంతా కన్నీళ్లు పెట్టుకుంది. అలాంటి కళాకారులను పిలిచేటప్పుడు మాత్రం "ఏదో ఇంత ఇస్తాంలే" అనే ధోరణి ఇంకా పోలేదు. కులం పేరు పెట్టి హేళనగా పిలిచే యాంకర్‌ను అసలు పెట్టుకోకండి. బొమ్మలు గీసిన పొడవాటి బట్ట విప్పి చూపిస్తూ చెప్పే పటం కథలు పెట్టేటప్పుడు ఇంకొంచెం జాగ్రత్త. కూనపులి వాళ్లు చెప్పేది పద్మశాలీల మార్కండేయ పురాణం, డక్కలి వాళ్లు చెప్పేది మాదిగల జాంబ పురాణం. ఎవరి కథ చెప్తున్నారో ఆ కులం పెద్దలకు ముందే కబురు పెట్టి ముందు వరుసలో కూర్చోబెడితే, వాళ్లే పటానికి కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిస్తారు. ఈ పటాలు గీసే చేర్యాల నకాశీ చిత్రకారులు వేసిన పాత పటం విప్పితే ఫోన్ ఫ్లాష్‌లు కొట్టొద్దని చెప్పండి, రంగులకు మంచిది కాదు. వీడియో తీసి ఛానెల్లో పెట్టాలంటే మేళం పెద్దను అడిగి, పైసల సంగతి మాట్లాడుకొని పెట్టండి.

ఎవరిని పిలవాలో తెలియదన్నారు. మీ చుట్టుపక్కల బీరప్ప గుడి ఉన్న ఊరికి పోయి అక్కడి ఒగ్గు పూజారితో మాట్లాడండి, మిగతా మేళాల నంబర్లు ఆయన దగ్గరే దొరుకుతాయి. ఆదివారం పోకండి, ఇంట్లో ఉండడు.