నదిలోనో చెరువులోనో సరదాగా దిగే ముందు నీళ్ల పరిస్థితిని ఎలా అంచనా వేయాలి?

ఈ ప్రశ్న చూడగానే నాకు ఒక వేప పుల్ల గుర్తుకొచ్చింది. దాని సంగతి చెబితే సగం జవాబు చెప్పినట్టే.

మాది ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన ఒక లంక ఊరు. పదిహేనేళ్ల కిందట దసరా సెలవులకు హైదరాబాద్ నుంచి మా బావమరిది, అతని స్నేహితులు నలుగురు వచ్చారు. అప్పటికి వరదలు తగ్గి మా రేవుకు ఎదురుగా ఇసుక తిన్నె తేలింది. మధ్యలో చిన్న పాయ, మోకాలి లోతు. ప్యాంట్లు పైకి మడుచుకుని, బ్యాటూ బంతీ, మా ఆవిడ కలిపిచ్చిన పులిహోర డబ్బా పట్టుకుని నడిచే దాటాం. చుర్రుమనే ఎండ. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు.

తిన్నె ఎక్కగానే నేను దారిలో విరిచిన వేప పుల్లను సరిగ్గా నీటి అంచున ఇసుకలో గుచ్చాను. ఈ అలవాటు మా రేవులో పడవ నడిపిన ఒక తాత దగ్గర అబ్బింది. ఆయన పడవ కట్టేసి చుట్ట వెలిగించే ముందు ఒక పుల్ల గుచ్చేవాడు. మా బావమరిది చూసి, “ఏమిటి బావగారూ, చెట్టు నాటుతున్నారా?” అని నవ్వాడు.

గంట గడిచాక బంతి నీళ్లలో పడితే తేవడానికి నేనే వెళ్లాను. పుల్ల ఇప్పుడు నీళ్లలో నిలబడి ఉంది, అంచుకు మూరెడు లోపల. దాని మొదట్లో నీరు సన్నని మీసంలా చీలి పోతోంది. పొద్దున అక్కడ నీటికి కదలికే లేదు. అంచు వెంట నురుగు, ఆ నురుగులో ఎండుటాకులు, తుంగ పరకలు, ఒక కొబ్బరి డొక్క. తగ్గే నీరు చెత్తను ఒడ్డున గీత గీసినట్టు వదిలి వెనక్కి పోతుంది. ఆ ఎండిన చెత్త మళ్లీ లేచి తేలుతోందంటే నీరు పెరుగుతోందని అర్థం.

“బయల్దేరండి” అన్నాను. “ఇంకో మూడు ఓవర్లే” అన్నారు. ఆడనిచ్చాను. అది నా తప్పే. పాయ దగ్గరికి వచ్చేసరికి మోకాలి లోతు కాస్తా తొడలు దాటింది. తేటపడుతున్న నీరు మళ్లీ టీ రంగుకు తిరిగింది. సామాను తిన్నె మీదే వదిలేసి, అందరిలోకి లావైనవాడిని ఎగువ వైపు నిలబెట్టి, అతని వెనక ఒకరి నడుము ఒకరం పట్టుకుని, ఎగువకే ముఖం పెట్టి పక్కకు జరుగుతూ దాటాం. నిలబడితే పాదాల కింద ఇసుక జారి గుంట పడుతోంది, కాలెత్తితే వడి లాగేస్తోంది. పది నిమిషాల్లో ఒడ్డెక్కాం. మా బావమరిది అరగంట నోరు విప్పలేదు. కాలేజీలో ఈత పోటీల్లో కప్పు గెలిచిన మనిషి అతను. మర్నాడు చూస్తే తిన్నె జాడ లేదు. ఆ స్టీలు డబ్బా సంగతి మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.

ఎగువన ఎక్కడో కురిసిన వాన ఆనకట్ట గేట్లు దాటి మా పాయలోకి దిగింది. మా నెత్తిన ఉన్న ఆకాశానికీ మా కాళ్ల కింది నీటికీ ఏ సంబంధమూ లేదు. అందుకే ఫోనులో వాతావరణం చూసుకుని “ఈరోజు మన దగ్గర వాన లేదు” అంటూ నదికి బయల్దేరేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోదావరికి వెళ్తుంటే ముందు భద్రాచలం నీటిమట్టం చూడండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకు, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు. కానీ ఇవి ఊళ్లను కాపాడుకోవడానికి పెట్టుకున్న అంకెలు. మన ఈతకూ ఆటకూ అవి కొలమానం కావు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు నదిలో పోతున్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులే. మేము పాయ దాటిన రోజున అసలు ఏ హెచ్చరికా లేదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ డ్యామ్ నుంచి నీరు వదిలిన సంగతి బండల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న ఆ పిల్లలకు తెలియదు.

ఈతకు మిక్కిలి లోతు లేదని సామెత. లోతు మాట నిజమే కావచ్చు, వడి మాటేమిటి? నీటి వేగం రెట్టింపైతే మన మీద పడే తోపుడు నాలుగింతలవుతుంది. ఆ సామెత కట్టినవాడు బావిలో ఈత నేర్చుకుని ఉంటాడు.

పనిలో పనిగా నా గోడు ఒకటి వినండి. మా వైపు రేవుల్లో “ప్రమాదం, లోతు ఎక్కువ” అని బోర్డులు ఉంటాయి. ఏప్రిల్‌లో మేకలు నడిచి దాటుతున్నప్పుడూ అదే బోర్డు, ఆగస్టులో చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తున్నప్పుడూ అదే బోర్డు. ఏడాది పొడవునా ఒకటే మాట అనేదాన్ని ఎవరు వింటారు? దాని బదులు రేవు మెట్లకు రంగు వేయండి, ఎర్ర మెట్టు మునిగితే ఎవరూ దిగవద్దని చెప్పండి అని ఎన్నోసార్లు అన్నాను. ఒక పెయింటు డబ్బా ఖర్చు. నవ్వి ఊరుకున్నారు.

చెరువుల సంగతి వేరు. అక్కడ వడి ఉండదు కాబట్టి జనం ధైర్యంగా దిగుతారు. చెరువులో చంపేవి మట్టి కోసం తవ్విన గోతులు. వేసవిలో పొక్లెయిన్‌తో తవ్వుకుపోతారు, వానలకు అవి నిండుతాయి, పైన అద్దంలా ఉంటుంది. ఈ అడుగు నడుము లోతు, పక్క అడుగు తాటి లోతు. గట్టు మీద నిలబడి ఎంత చూసినా అది తెలియదు. ఆ చెరువును మే నెలలో ఎండి ఉండగా చూసినవాళ్లను అడగాలి, అంటే గేదెలు కాసేవాళ్లను. అడగడానికి మొహమాటమైతే గేదెలు దిగే వైపే దిగండి. నదిలో అయితే పడవవాళ్లను అడగండి, మిమ్మల్ని ఎక్కించుకోబోయే పడవవాడిని తప్ప.

మా బావమరిది ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాడు. మొన్న పిల్లలతో ఏదో సరస్సుకు వెళ్లి ఫొటో పంపాడు. పిల్లలు నీళ్లలో గంతులేస్తున్నారు. ఫొటోలో ఒక మూల, నీటి అంచున, ఐస్‌క్రీం పుల్ల గుచ్చి ఉంది. సరస్సు నీరు గంటలో పెరగదయ్యా అని రాయబోయి ఊరుకున్నాను.