హైడ్రోజన్ చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఫస్టియర్‌లో 470కి 462 వచ్చాయి. గెలాక్సీల చుట్టూ ఉండే హైడ్రోజన్ మీద పరిశోధన చేస్తానంటోంది. మేం సీఎస్ఈలో ఏఐ బ్రాంచి అనుకుంటున్నాం. మా తోడల్లుడి కొడుక్కి అందులోనే ఏడాదికి 14 లక్షల ప్యాకేజీ వచ్చింది. రెండింట్లో ఏది మంచిది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏది మంచిదని అడిగారు గానీ, మీ భయం వేరు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా పిల్ల ఇంకా చదువుతూనే ఉంటే ఎలా అని. ఈ భయంతో నాకు ఎంతోమంది రాశారు. సైన్స్ చదువుకి, పరిశోధనకి కేంద్రం నడిపే ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ (డిగ్రీ, పీజీ కలిపి) 5 ఏళ్లు, తర్వాత పీహెచ్‌డీ ఐదారేళ్లు. నిజమే, చాలా కాలం. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదట్లోనే నెలకు 37,000 రూపాయలు. మీరు భయపడుతున్న ఆ వయసులో ఆమె తన ఖర్చు తనే పెట్టుకుంటుంది.

ఇంతకీ ఆమె చేసే పని ఏమిటో చూడండి. ఆ హైడ్రోజన్ కంటికి కనబడదు. దాని వెనక ఎంతో దూరంలో ఒక క్వేజార్, అంటే చాలా ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రం, వెలుగుతుంటుంది. ఆ వెలుగు వాయువులోంచి వచ్చేటప్పుడు 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని, అంటే 1420 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీని, హైడ్రోజన్ కొంత మింగేస్తుంది. కంప్యూటర్ తెర మీద వణుకుతున్న గీతలో ఒకచోట చిన్న గుంట పడుతుంది. విశ్వం వ్యాకోచిస్తుండటంతో, అసలు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సిన ఆ గుంట, దూరపు గెలాక్సీలదైతే ఇంకా కిందికి జారుతుంది. కొన్నిసార్లు 900 దగ్గరికి, అంటే సరిగ్గా మన మొబైల్ టవర్లు మాట్లాడుకునే చోటికి. పుణె దగ్గరి ఖోడద్‌లో జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపుకి 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటి డేటాలో కనబడ్డ గుంట నిజంగా వాయువుదా, టవర్ల గోలా అని తేల్చడానికే వారాలు పట్టొచ్చు. ఆ తేల్చడమంతా పైథాన్, లైనక్స్, స్టాటిస్టిక్స్‌తోనే. రేపు పరిశోధన వదిలేసినా ఆ చేతిపని ఎక్కడికీ పోదు.

ఇక ఏఐ బ్రాంచి. సీఎస్ఈ వద్దనను. బోర్డు మార్చి అదే పాఠం చెప్పే కాలేజీల మీదే నా అనుమానం. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ఎవరు చెబుతారో అడగండి. జవాబు నసిగితే ఆ సీటుకి లక్షలు పోయకండి. ఈరోజు నేర్పే టూల్ నాలుగేళ్లకి ఉంటుందని నేనైతే చెప్పలేను.

ఒక మాట కటువుగానే అంటాను. మార్కులు రాశారు, తోడల్లుడి కొడుకు ప్యాకేజీ రాశారు. అమ్మాయికి ఆ హైడ్రోజన్ మీద మనసెందుకు పోయిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగారా అసలు?

ఖగోళశాస్త్రంలో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువే, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) కోసం దేశాలు తిరగాల్సి రావచ్చు. అది ఆమెకీ చెప్పండి. అయితే స్క్వేర్ కిలోమీటర్ అరే టెలిస్కోపు కోసం మన ప్రభుత్వం 2024 జనవరిలో 1,250 కోట్లు మంజూరు చేసింది. ఆమె పీహెచ్‌డీకి వచ్చే కాలానికి ఆ పని ఉంటుంది. టెన్షన్ పడకండి.

ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్‌కి దరఖాస్తు విడిగా పెట్టాలి, ఈఏపీసెట్‌తో కలిసి రాదు. గడువు దాటిపోకుండా చూసుకోండి.